పాములకీ ఉడుములకీ ఇళ్ళు కట్టిన రోజులు

పాములకి ఇళ్ళు కడతానని చెప్తే మన వాళ్ళు ముందు నవ్వేవారు. నిజమేనని తెలిశాక మాట మార్చేసేవారు. మేముండే ఇర్వింగ్‌లో మా వారి స్నేహితుల ఇళ్ళకి భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆడవాళ్ళంతా ఒకచోట చేరి ఎవరు ఏ టీమ్‌లో ఉన్నారో చెప్పుకుంటుంటే, నా వంతు వచ్చేసరికి "క్యాబినెట్ షాపులో పని" అని సరిపెట్టేదాన్ని. అబద్ధమేమీ కాదు. మొదట్లో అది వంటింటి అల్మారాలు చేసే షాపే.

భుజం నొప్పి ముదిరి పని మానేశాక ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం వెడల్పు కంటితో కొలిచే అలవాటు మాత్రం పోలేదు. గోడ వారగా కాస్త ఖాళీ జాగా కనిపిస్తే అక్కడ ఎంత పొడుగు పెట్టె పడుతుందా అని ఆలోచిస్తాను. గాలి ఎటునుంచి తీసుకోవాలి, దీపం ఏ మూల పెట్టాలి, నీళ్ళు ఎటు పోవాలి అని మనసులోనే గీసుకుంటాను. గీత పూర్తయ్యేలోపు ఎవరో కాఫీ ఇస్తారు. అక్కడితో ఆగిపోతుంది.

ఈ మధ్య మన తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు "ఆంటీ, ఈ పని ఎలా నేర్చుకోవాలి" అని అడిగారు. వాళ్ళకి తెలుగు చదవడం అంతంత మాత్రం. అమ్మో నాన్నో చదివి చెప్తారన్న ధైర్యంతో తెలుగులోనే రాస్తున్నాను. మనసులో మాట నాకు ఇంగ్లీషులో రాదు.

రే షాపు

నేను గుంటూరు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఇళ్ళ ప్లాన్లు గీయడం బాగా వచ్చు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఊరికే కూర్చున్నాను. వర్క్ పర్మిట్ రాగానే ఏదో ఒక పని కావాలనిపించింది. మా అపార్ట్‌మెంట్ నుంచి ఇండియన్ గ్రోసరీకి వెళ్ళే దారిలో ఒక వడ్రంగి షాపు ఉండేది. డ్రాయింగులు గీసే మనిషి కావాలని తలుపుకి కాగితం అంటించారు. లోపలికి వెళ్ళాను. ఆ షాపు రే అనే ఆయనది.

రే సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. నేను గీసి చూపించిన అల్మారా బొమ్మని చాలాసేపు చూసి, "రేపు బూట్లు వేసుకుని రా, చెప్పులతో వద్దు" అన్నారు. అదే ఉద్యోగం ఇచ్చినట్టు.

ఆయన గుణాల్లో మంచిదీ చెడ్డదీ ఒక్కటే. ఎవరికీ కాదని చెప్పలేరు. వారంలో అవని పనిని వారంలో ఇస్తామని ఒప్పుకునేవారు. తరవాత కస్టమర్ ఫోన్ చేస్తే ఫోను నా చేతికిచ్చి, రంపం ఆన్ చేసుకుని, వినపడనట్టు నిలబడేవారు. ఆయన దగ్గర పనిచేసిన రోజుల్లో సగం రోజులు ఆయన మీద కోపంతోనే గడిచాయి. ఆ కోపం కూడా ఇప్పుడు కావాలనిపిస్తుంది.

కాదని చెప్పలేని ఆ గుణం వల్లే మేము పాముల పనిలోకి వచ్చాం. వెదర్‌ఫర్డ్‌లో స్కూల్ బస్సు నడిపే డెబ్బీ అనే ఆవిడ ఒకరోజు వచ్చి, తన కొండచిలువకి పెద్ద పెట్టె కావాలంది. అప్పటికే నాలుగు చోట్ల కుదరదన్నారట. రే తల గోక్కుని, "ఎంత పొడుగు?" అన్నారు.

డెబ్బీ చేతులు చాచింది. చాలక ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ చాచింది.

"చేద్దాం" అన్నారు రే.

గుమ్మం దాటని పెట్టె

ఆ మొదటి పెట్టె ముచ్చటగా వచ్చింది. ముందు వైపు జరిపే గాజు తలుపులు, లోపల పాము దాక్కోవడానికి అర, పైన దీపాలు. రే వెళ్ళి డెబ్బీ ఇంటి గుమ్మం కొలుచుకొచ్చారు. పెట్టె గుమ్మంలోంచి హాయిగా దూరింది. గుమ్మం దాటాక ఇరుకు నడవా, ఆ నడవా చివర మలుపు. పెట్టె అక్కడ ఆగిపోయింది. నిలబెట్టి చూశాం, పక్కకి వాల్చి చూశాం. చివరికి వెనక్కి లాక్కొచ్చి, డెబ్బీ ఇంటి ముందు గడ్డిలో రంపంతో రెండు ముక్కలుగా కోశాం. కోస్తున్నంతసేపూ రే ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. డెబ్బీ మెట్ల మీద కూర్చుని, మెడ చుట్టూ కొండచిలువని వేసుకుని, "దీనికి తొందరేం లేదు, మీరు కూడా నెమ్మదిగానే కానివ్వండి" అంది.

ఆ తరవాత మేము చేసిన ప్రతి పెట్టెనీ గోడకి గోడ విడివిడిగా వచ్చేలా చేశాం. పలకలు తీసుకెళ్ళి గదిలో బిగించడమే. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. పెట్టె ఒక్కదాన్నే గీస్తే చాలదు. ట్రక్కు దగ్గర నుంచి గది దాకా దారంతా గీయాలి.

రెండోది కూడా రే తొందరపాటు వల్లే తెలిసింది. మూలలకి పూసే సిలికాన్ జిగురు పైకి ఆరినట్టే ఉంటుంది. లోపల వెనిగర్ లాంటి ఘాటు వాసన ఇంకా ఉంటుంది. రే ఇచ్చేద్దామనేవారు. నేను తలుపు మూసి, మర్నాడు తెరిచి, తల లోపల పెట్టి వాసన చూసి గానీ ఒప్పుకునేదాన్ని కాదు. మనకి తలనొప్పి వస్తే బయటికి వచ్చేస్తాం. పెట్టెలో ఉండే పాము ఎక్కడికి పోతుంది?

నాలుగు వైపులా గాజు

ఒకసారి పెద్ద ఇల్లున్న ఒకాయన పిలిచాడు. హాలు మధ్యలో, నాలుగు వైపులా గాజుతో పెట్టె కావాలి, ఏ సోఫాలో కూర్చున్నా పాము కనపడాలి అన్నాడు. నేను కుదరదన్నాను. పాముకి వీపు ఆనించుకోవడానికి గోడ కావాలి, చుట్టూ మనుషులు తిరుగుతుంటే దానికి గుండెలు అదురుతూనే ఉంటాయి అని చెప్పాను. ఆయన రే వైపు తిరిగి, "డిజైనర్‌కి పాములంటే భయమా?" అన్నాడు.

రే అంతవరకు ఎవరినీ కాదనలేదు. ఆ రోజు మాత్రం కొలత టేపు మడిచి జేబులో పెట్టుకుని, "ఆవిడ గీయనంటే నేను కోయలేను" అన్నారు.

ఆయన వేరే చోట చేయించుకున్నాడు. కొన్ని నెలలకి ఆయన భార్య షాపుకి వచ్చింది. పాము తిండి ముట్టడం లేదు, గాజుకి ముక్కు రాసుకుని రాసుకుని పుండు చేసుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఫోటో చూపించింది. మూడు వైపులా గోడలు వేసి, లోపల చీకటి అర ఒకటి కట్టి ఇచ్చాం. ముందు వైపు ఒక్కటే గాజు. పాము తిండి మొదలుపెట్టిందని ఆవిడ మెసేజ్ పెట్టిన రోజున రే నాకు డోనట్లు తెచ్చారు.

ఈ పనిలో డబ్బిచ్చే మనిషి ఎదురుగా కూర్చుంటాడు. అందులో బతకబోయేది మాట్లాడదు. మీరు దాని తరఫున మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు. కస్టమర్ పోతే పోతాడు.

చిన్నోడు

హరిక మా షాపుకి వచ్చిన రోజు నేను మా అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. పెట్టేశాక కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. లాస్ కొలీనాస్‌లో ఆఫీసు, మెడలో ఐడీ కార్డు ఇంకా తియ్యలేదు.

"ఆంటీ, మీరు తెలుగా? ఇగ నాకు ఇంగ్లిష్ల చెప్పే బాధ తప్పింది."

వాళ్ళది హనుమకొండ. ఇక్కడే మాస్టర్స్ చేసి, హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. చేతుల మీద సన్నటి గీతలున్నాయి, పిల్లిని పెంచేవాళ్ళకి ఉన్నట్టు.

"పామా?" అన్నాను.

"కాదు ఆంటీ. ఉడుము. నీళ్ళల్ల ఉండే రకం. తోకతోని కలిపితే నా కన్న పొడుగున్నడు."

"పేరేంటి?"

"చిన్నోడు." నేను నవ్వు ఆపుకోవడం చూసి తనే నవ్వేసింది. "తెచ్చుకున్నప్పుడు గింతనే ఉండె. కాలేజ్‌ల నా రూమ్మేట్ కొనుక్కొని, రెండు నెలలకే వద్దన్నది. ఎవ్వరు తీస్కోలే. నేను తీస్కున్న."

అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరని, వాడి కోసమే ఊరి చివర ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకుందట. ఏమేం కావాలో చెప్పమంటే వేడి, తేమ అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

"నేను ఆఫీస్‌కి పోయినంక వాడు ఏం చేస్తడో నాకు తెల్వది ఆంటీ. పొద్దంత ఒక్కడే ఉంటడు. వాడికి బోర్ కొట్టద్దు. అంతే."

అన్నేళ్ళలో అలా అడిగిన మనిషి ఇంకొకరు లేరు. నేను, రే కలిసి ఆ పెట్టెని చాలాసార్లు గీసి చెరిపాం. మామూలు చెక్క తేమకి ఉబ్బిపోతుంది, అందుకని గోడలు పీవీసీ పలకలతో చేశాం. ఒక వైపు వాడు పూర్తిగా మునిగేంత నీళ్ళ తొట్టి, అడుగున నీళ్ళు వదలడానికి కుళాయి. ఇంకో వైపు తవ్వుకోవడానికి లోతుగా మట్టి. పైన ఎక్కి పడుకోవడానికి లావుపాటి దుంగ, దాని మీద వేడి దీపం, దీపానికి ఇనుప జాలీ. జాలీ లేకుండా దీపం పెట్టకండి. ఇవి వెచ్చగా ఉందని దీపాన్నే ఆనుకుంటాయి, చర్మం కాలుతున్నా వెంటనే పక్కకి జరగవు. గాజు తలుపుని కిటికీకి ఎదురుగా పెట్టాం, బయట చెట్టు మీద ఉడతలు కనిపించేలా. అది రే ఆలోచన. నీళ్ళ బరువు చాలా ఉంటుంది గానీ, ఆ ఇంటికి కింద సిమెంటు నేలే కాబట్టి భయం లేదు. మేడ మీద గది అయితే ఒప్పుకునేవాళ్ళం కాదు.

బిగించడం అయ్యాక హరిక చిన్నోడిని తెచ్చి లోపల వదిలింది. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. అన్నేళ్ళు చేసినా ఉడుముని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. వాడు కదలకుండా కాసేపు ఉండి, నాలుక బయటపెట్టి గాలిని నాకాడు. గోడ వెంటే మెల్లగా నడిచాడు. ప్రతి మూలా నాలుకతో తడిమాడు. మేము పూసిన అతుకులన్నీ పరీక్ష చేస్తున్నట్టే ఉంది. తొట్టి అంచుకి వచ్చి తల వంచి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయాడు. ముక్కు రంధ్రాలు రెండే పైన మిగిలాయి.

రే టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నాకు ఈ పని మొత్తంలో ఇప్పటికీ గుర్తొచ్చేది, కావాలనిపించేది ఆ కాసేపే. కొత్త ఇంట్లో అది వేసే మొదటి చుట్టు. మనం కట్టింది సరిపోయిందో లేదో అది చెప్పే సమయం. ఏ ఉద్యోగంలో ఉంటుంది అలాంటిది?

హరిక వెళ్ళిపోవలసి రావడం

రెండేళ్ళు బాగానే గడిచాయి. అప్పుడప్పుడు వీడియోలు పంపేది. ఒక మధ్యాహ్నం షాపుకే వచ్చింది. ఐడీ కార్డు లేదు.

"లేఆఫ్ అయింది ఆంటీ. వీసా గడువులోపల ఇంకో జాబ్ రాకుంటే ఇండియాకు పోవాలె."

"నువ్వు ప్రయత్నం చెయ్యి, వస్తుంది."

"చేస్తున్న. కాని రాకుంటే? నేనైతే ఫ్లైట్ ఎక్కుత. వాడు?"

ఇండియాకి తీసుకెళ్ళే దారి లేదు. జంతువుల్ని చేరదీసే చోట్లన్నిటికీ ఫోన్ చేసింది. కొందరు జాగా లేదన్నారు, కొందరు అంత పెద్దదాన్ని చూడలేమన్నారు. ఒకాయన మాత్రం సంతోషంగా వస్తానన్నాడు. పిల్లల పుట్టినరోజు పార్టీల్లో పాముల్నీ బల్లుల్నీ చూపించే మనిషి. ఆయన వచ్చినప్పుడు నన్ను తోడుండమంది. చిన్నోడిని చూసి ఆయన తృప్తిగా తల ఊపాడు.

"పిల్లలు పట్టుకుంటే కరవడా?" అని హరిక అడిగింది.

"మూతికి టేప్ వేస్తాం కదా. గంటసేపే. దానికేం కాదు."

హరిక మర్యాదగా వీధి గుమ్మం దాకా సాగనంపి వచ్చింది. తలుపు గడియ వేసి, ఆ గడియ మీదే చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇయ్యను ఆంటీ. ఆయనకు ఇయ్యను."

నాకు డెబ్బీ గుర్తొచ్చింది. ఆవిడ కొండచిలువ ముసలిదై అంతకుముందు ఏడాది చనిపోయింది. దాని పెట్టె తీసేసి, వెనక గది ఖాళీగా ఉంచుకుందని నాకు తెలుసు. ఫోన్ చేశాను. విషయం పూర్తి కాకుండానే అడ్డుపడింది.

"వద్దు. నన్ను అడగకు. నేను ఇంక ఏదీ పెంచను. పెరట్లో గొయ్యి తవ్విన రోజే అనుకున్నాను."

"పెంచమనట్లేదు. వచ్చి చూడు, ఎవరికివ్వాలో సలహా చెప్పు."

డెబ్బీ ఆదివారం వచ్చింది. బస్సు డ్రైవర్ జాకెట్‌తోనే వచ్చింది, చేతులు జేబుల్లోంచి తీయలేదు. గాజు ముందు నిలబడి చిన్నోడిని చూసింది. వాడు దుంగ మీద కాళ్ళు నాలుగూ వేలాడేసుకుని పడుకున్నాడు. ఎంత తింటాడు, ఎంత కోపం అని అడుగుతుందనుకున్నాను. ఆవిడ ఒకటే అడిగింది.

"పొద్దున లేవగానే ఏం చేస్తాడు?"

హరిక చెప్పడం మొదలుపెట్టింది. దీపం వెలిగే టైముకి మట్టిలోంచి తల ఒక్కటి బయటపెడతాడని, తన అడుగుల చప్పుడు వింటే గాజు దగ్గరికి వస్తాడని, గుడ్డు చేతిలో ఉందా లేదా అని చూస్తాడని, లేకపోతే వెనక్కి తిరిగి తోకతో మట్టిని ఒక్కసారి కొడతాడని, వాన పడిన రోజు మాత్రం కిటికీ వైపే చూస్తూ కూర్చుంటాడని. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలియకుండానే తెలుగులోకి వచ్చేసింది. డెబ్బీ ఆపలేదు. అర్థమైనట్టే వింది. అయిపోయాక రే వైపు తిరిగి, "ఈ గోడలు విప్పడానికి ఎప్పుడు వస్తావు?" అంది. హరిక మొహం గోడ వైపు తిప్పుకుంది.

హరికకి ఉద్యోగం రాలేదు. గడువు చివరి వారంలో పెట్టె విప్పాం. రేకి అప్పటికే ఆయాసం, బరువులెత్తే స్థితిలో లేరు. కుర్చీ వేసుకుని కూర్చుని ఏ పలక ముందు తియ్యాలో చెప్పారు. మట్టిని పారబోసి కొత్తది వేద్దామంటే వద్దన్నారు.

"పాత మట్టే సంచుల్లో ఎత్తండి. కొత్త ఊళ్ళో వాడి వాసన ఉన్నది అదొక్కటే."

డెబ్బీ ఇంట్లో ఆ ఇరుకు నడవా, ఆ మలుపు దాటి ఒక్కొక్క పలకా లోపలికి వెళ్ళింది. వెనక గదిలో మళ్ళీ బిగించాం. చిన్నోడు అక్కడ కూడా గోడ వెంట మొదటి చుట్టు వేశాడు. ఈసారి నీళ్ళలోకి దిగకుండా నేరుగా మట్టిలోకి వెళ్ళి తవ్వుకుని, కనిపించకుండా పడుకున్నాడు. హరిక ఎదురుచూసింది. వాడు పైకి రాలేదు. ఆ ఖాళీ సమయంలో తను తొట్టి అంచులు గుడ్డతో తుడిచింది, తలుపు జరిపే గాడి తుడిచింది, అప్పటికే శుభ్రంగా ఉన్న గాజు కూడా తుడిచింది. వెళ్దామని నేను అనలేకపోయాను. తనే అంది, "పోదాం ఆంటీ. పడుకున్నడు."

ఇప్పుడు

అది రే చేసిన చివరి పని. ఆ చలికాలం ఆయన పోయారు. షాపుని వాళ్ళ కూతుళ్ళు అమ్మేశారు. ఇప్పుడక్కడ నేల పలకలు అమ్ముతారు. గ్రోసరీకి వెళ్ళినప్పుడల్లా దాని ముందునుంచే పోవాలి. ఒకసారి లోపలికి వెళ్ళాను. రంపం ఉన్న చోట టైల్స్ వరసగా నిలబెట్టి ఉన్నాయి. కుర్రాడు "ఏం కావాలి?" అన్నాడు. బాత్రూమ్‌కని ఒక టైల్ శాంపిల్ తెచ్చుకున్నాను. నేను కొన్నాళ్ళు మా గరాజ్‌లో చిన్న పెట్టెలు చేశాను. తరవాత భుజం ఎత్తనివ్వలేదు.

హరికకి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. పండగలకి మెసేజ్ పెట్టేది. చిన్నోడి సంగతి మాత్రం ఏడాది పైన ఎత్తలేదు. నేనూ చెప్పలేదు. అడగకపోవడం మరిచిపోవడం కాదని నాకు తెలుసు. నేనూ అంతే, రే పేరు ఇంట్లో ఎత్తను.

పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. "ఆంటీ, ఒక్కసారి చూపిస్తరా."

శనివారం పొద్దున్నే కార్ తీసుకుని వెదర్‌ఫర్డ్ వెళ్ళాను. మా వారు భుజం గురించి అన్నారు గానీ నేను వినలేదు. డెబ్బీ జుట్టు పూర్తిగా నెరిసింది. వెనక గదిలోకి తీసుకెళ్ళింది. చిన్నోడు ఇంకా లావయ్యాడు, మెడ దగ్గర మడతలు పడ్డాయి. దుంగ మీద పడుకుని ఉన్నాడు. నేను అలవాటు కొద్దీ ముందు మూలలు చూశాను. సిలికాన్ ఎక్కడా లేవలేదు. తలుపు సాఫీగా జరుగుతోంది. గాజు మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాను.

వీడియో కాల్ కలిపాను. అక్కడ రాత్రి భోజనాల వేళ. హరిక ఎవరితోనో "ఇప్పుడే వస్త" అని చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఫోన్‌ని గాజు వైపు తిప్పాను.

"చిన్నోడా" అంది.

వాడు నాలుక ఒకసారి బయటపెట్టి లోపలికి తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"గుర్తువట్టిండా ఆంటీ?"

అవునని చెప్పడం తేలికే. "తెలియదమ్మా. హాయిగా మాత్రం ఉన్నాడు" అన్నాను.

"హాయిగున్నడు కదా. చాలు."

డెబ్బీ నా చేతిలో ఫోన్ తీసుకుని, ఒక స్టూల్ లాగి, దాని మీద నీళ్ళ సీసాకి ఆనించి గాజుకి ఎదురుగా నిలబెట్టింది. "దాన్ని అక్కడ ఉండనీ. మనం కాఫీ తాగుదాం రా" అంది.

వంటింట్లో కూర్చున్నాం. తన బస్సు రూటు మారిందని చెప్పింది, మోకాలి నొప్పి గురించి చెప్పింది. రే గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఆయన పేరు పైకి అని ఎన్నాళ్ళయిందో.

కప్పులు కడిగి తిరిగి వచ్చేసరికి కాల్ ఇంకా నడుస్తోంది. హరిక రెండు చేతుల మీద గడ్డం ఆనించుకుని తెరలోంచి చూస్తోంది. చిన్నోడు అదే దుంగ మీద, అదే ఎండలాంటి వెలుతురులో నిద్రపోతున్నాడు. పొట్ట మెల్లగా లేస్తూ పడుతోంది.

నా అలికిడి విని హరిక గొంతు తగ్గించి అంది. "ఆంటీ, ఇంక జరసేపు."

"ఎంతసేపైనా ఉండు" అన్నాను. కుర్చీ లాక్కుని నేనూ ఫోన్ పక్కన కూర్చున్నాను.